మందగించిన యంత్రమునకు మూలవిచారణ
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ఉపన్యాసము)



గ్రంథాలయపు రజతోత్సవ సభలో కావ్యములను గూర్చియో, కవులను గూర్చియో ప్రసంగించుట ఆచారము. ఈ సాయంకాలపు విషయము బీరువాలోని పుస్తకము కాదు. పఠనమందిరములో బల్లమీద నుండు ల్యాప్‌టాప్. అయినను ఇది గ్రంథాలయమునకు పరాయి విషయమని ఎవరును తలపరాదు. నేడు విద్యార్థి వేతనమునకు దరఖాస్తు పంపుట, పరీక్షా ఫలితము చూచుట, భూమి పత్రముల నకలు తీయుట, పాత పత్రికలను వెదకి చదువుట మున్నగు పనులన్నియు ఆ యంత్రము ద్వారానే జరుగుచున్నవి. యంత్రము మందగించెనా, గడువు తేదీ సాయంకాలమున దరఖాస్తు పుట సగము తెరచుకొని నిలిచిపోవును. ఆ నష్టము యంత్రమునకు గాదు, దాని ముందు కూర్చున్న బిడ్డకు.

2025వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10 అను నిర్వహణ వ్యవస్థకు దాని తయారీదారుల సాధారణ సంరక్షణ ముగిసినది. తరువాతి కూర్పైన విండోస్ 11 పాత ప్రాసెసర్లలో పెక్కింటిని అంగీకరింపదు. అందువలన అవయవములన్నియు చక్కగా నున్న యంత్రములు కూడ మూలబడు స్థితి కలిగినది. వానిని మరల పనికి తెచ్చు మార్గములలో ముఖ్యమైనది లినక్సు. దాని మూలలిపి తెరచిన పుస్తకము వంటిది. ఎవరైనను చదువవచ్చును, సవరింపవచ్చును, ఇతరులకు పంచవచ్చును. 1914లో బెజవాడలో గ్రంథాలయోద్యమపు పెద్దలు సమావేశమై ఊరూర పుస్తకము తెరచి యుంచవలెనని సంకల్పించిన నాటి భావమే ఇందులోను గలదు.

కాని లినక్సు వేసిన పిదప కొన్ని ల్యాప్‌టాప్‌లు నత్తనడక నడచుట కద్దు. “ఉచితముగా వచ్చినది గనుక ఇంతే” యని ఒకరును, “యంత్రము ముసలిదైనది” యని మరియొకరును తీర్పు చెప్పుదురు. ఈ రెండును విచారణ లేని తీర్పులే. తరచుగా దోషము లినక్సుదియు కాదు, వయస్సుదియు కాదు. ప్రాసెసరు వేగమును హెచ్చించి తగ్గించు ఏర్పాటులో ఎక్కడనో ఒక పగ్గము బిగిసి యుండును. ఆ పగ్గము ఎవరి చేతిలో నున్నదో కనిపెట్టుటయే ఈ ప్రసంగమునకు విషయము.

భారతములోని నలోపాఖ్యానమున ఒక ఘట్టము గలదు. ప్రొద్దు గ్రుంకులోపల విదర్భ చేరవలసిన తొందరలో ఋతుపర్ణుని రథమును బాహుకుడు తోలుచుండెను. అతడు ఏరుకొన్న గుఱ్ఱములు బక్కచిక్కి యుండుట చూచి రాజు సందేహించెను. కాని అశ్వహృదయ మెరిగిన బాహుకుడు వానితోనే పని సాధించెను. త్రోవలో ఋతుపర్ణుడు ఒక తాండ్రచెట్టును చూచి దాని ఆకులను పండ్లను లెక్క చెప్పగా, బాహుకుడు రథము నిలిపి, దిగి, లెక్కించి, సరిపోయినదని తెలిసిన పిదపనే నమ్మెను. ఎంత తొందరలోనైనను లెక్క సరిచూడక నమ్మరాదనుట ఒక నీతి. గుఱ్ఱము బక్కదని త్రోసివేయక దాని హృదయ మెరుగవలెననుట మరియొక నీతి. మందగించిన యంత్రమును బాగుచేయగోరువారికి ఈ రెండును చాలును.

వేగము, విద్యుత్తు, వేడి

ప్రాసెసరు లోపల ఒక తాళము నిరంతరము పడుచుండును. ఆ తాళమును బట్టియే దాని పనులన్నియు అడుగు వేయును. సెకనుకు పది లక్షల దెబ్బలైన అది ఒక మెగాహెర్ట్జు. నూరు కోట్లైన ఒక గిగాహెర్ట్జు. తాళము ఎంత త్వరగా పడిన అంత పని జరుగును. అట్లయిన సదా గరిష్ఠ వేగముననే నడుపరాదా యని ప్రశ్న కలుగును. జవాబు విద్యుత్తు ఖర్చులో నున్నది.

ప్రాసెసరు పని చేయునప్పుడు వ్యయమగు విద్యుచ్ఛక్తి తాళపు వేగమును బట్టియు, వోల్టేజి వర్గమును బట్టియు హెచ్చును. తాళము మెల్లగా పడునప్పుడు తక్కువ వోల్టేజి సరిపోవును. వోల్టేజి కొంచెము తగ్గించిన చాలును. వర్గము గనుక ఆదా రెండింతలుగా కనబడును. 2000వ సంవత్సరము జనవరిలో ఇంటెల్ సంస్థ స్పీడ్‌స్టెప్ అను ఏర్పాటుతో మొబైల్ పెంటియం 3 ప్రాసెసర్లను విడుదల చేసెను. వానిలో ఒకటి 650 మెగాహెర్ట్జుల వేగమున 1.6 వోల్టులతోను, బ్యాటరీమీద నడచునప్పుడు 500 మెగాహెర్ట్జుల వేగమున 1.35 వోల్టులతోను నడచెడిది. లెక్క వేసి చూడుడు: వేగము 100కు 77 అయినది, వ్యయము 100కు 55 అయినది. పని ముగియుటకు కాలము ఒకటింబావు కంటె కొంచెము హెచ్చు పట్టినను, పని మొత్తమునకైన ఖర్చు 100కు 71 మాత్రమే. ఇది కల్ల ఆదా కాదు, నికరమైన ఆదా.

అదే సంవత్సరము ఏఎండీ సంస్థవారు పవర్‌నౌ అను పేరను, ట్రాన్స్‌మెటా సంస్థవారు లాంగ్‌రన్ అను పేరను ఇట్టి ఏర్పాటులనే తెచ్చిరి. లినక్సును 1991లో ఆరంభించిన లీనస్ టోర్వాల్డ్స్ ఆనాడు ఆ ట్రాన్స్‌మెటాలోనే ఉద్యోగి. లినక్సు కెర్నెలులో ప్రాసెసరు వేగమును పాలించు భాగమునకు సీపీయూఫ్రీక్ అని పేరు. 2001 నుండి 2003 వరకు రస్సెల్ కింగ్, డొమినిక్ బ్రోడోవ్‌స్కీ మున్నగువారు దానికి రూపము కల్పించిరి.

ఇందులో ఒక మెలిక కూడ గలదు. వేగము తగ్గించినంత మాత్రమున ఎల్లప్పుడు ఆదా కలుగదు. పని సాగినంతసేపు తెర వెలుగుచునే యుండును, జ్ఞాపకఫలకములు విద్యుత్తు త్రాగుచునే యుండును. కొన్ని యెడల పని త్వరగా ముగించి గాఢనిద్రలోనికి పోవుటయే లాభము. పెంటియం 4 కాలమున ఒక డ్రైవరు వోల్టేజి తగ్గింపకయే నడుమ నడుమ తాళపు దెబ్బలను ఎగురగొట్టి వేగము తగ్గినదనిపించెడిది. పని మందగించెడిది, ఆదా మాత్రము దాదాపు శూన్యము. కూలివానిని పని నడుమ నిలువబెట్టి కూలి మిగిలినదని సంతసించుట వంటిదది.

వేగమును పాలించువారు

చెరువు తూము దగ్గర నీరుగంటి యుండును. పైరు ఎండుచున్నదన్న తూము ఎత్తును. వాన కురిసినదన్న దించును. లినక్సులో ఈ పని చేయువానిని గవర్నరు అందురు. నీరుగంటి స్వభావములు పలు తెరగులు. పెర్ఫార్మెన్స్ అనువాడు తూమును ఎప్పుడును పూర్తిగా ఎత్తియే యుంచును. పవర్‌సేవ్ అనువాడు ఎప్పుడును దించియే యుంచును. యూజర్‌స్పేస్ అనువాడు యజమాని చెప్పినంతనే ఎత్తును. 2004లో వచ్చిన ఆన్‌డిమాండ్ అనువాడు కొద్ది కొద్ది కాలమునకు పని భారమును చూచి, అది నిర్ణీతమైన మేరను దాటినంతనే ఒక్కసారిగా గరిష్ఠమునకు లేపును. 2005లో వచ్చిన కన్సర్వేటివ్ అనువాడు మెట్టు మెట్టుగా లేపును. 2016లో వచ్చిన షెడ్‌యుటిల్ అనువాడు, పనులకు వరుస నిర్ణయించు కెర్నెలు భాగమునే అడిగి భారము తెలిసికొని వేగము నిర్ణయించును.

నీరుగంటి తూము ఎత్తుటకు గొలుసు కావలెను గదా. ఆ గొలుసు వంటిది డ్రైవరు. పాత యంత్రములలో ఏసీపీఐ-సీపీయూఫ్రీక్ అనునది యుండును. ఇంటెల్ యంత్రములలో 2013 నుండి ఇంటెల్-పీస్టేట్ అనునదియు, ఏఎండీ యంత్రములలో 2022 నుండి ఏఎండీ-పీస్టేట్ అనునదియు కానవచ్చును.

ఇచ్చట పలువురు కాలుజారు చోటొకటి గలదు. ఇంటెల్-పీస్టేట్ క్రియాశీల స్థితిలో నున్నప్పుడు కానవచ్చు పవర్‌సేవ్, పైని చెప్పిన పవర్‌సేవ్ కాదు. పేరు ఒక్కటే, మనిషి వేరు. ఇది భారమును బట్టి వేగమును పెంచును, తగ్గించును. ఆ పేరు చూచి “తూము మూసియున్నది, దొంగ దొరికినాడు” అని సంబరపడువారు తప్పుడు మనిషిని పట్టుకొన్నవారగుదురు. కనుక గవర్నరు పేరు చదువుటకు ముందు డ్రైవరు పేరు చదువవలెను.

నీరుగంటి పైన మరియొక అధికారము గలదు. ఎంత వరద వచ్చినను తూమును ఇంతకు మించి ఎత్తరాదని పైనుండి ఆజ్ఞ రావచ్చును. యంత్రపు పలకలో నుండు బయోసు అట్టి ఆజ్ఞలిచ్చును. దానికిని పైన, వేడి మితిమీరినప్పుడు ప్రాసెసరు తన్ను తానే రక్షించుకొనుటకు వేగము దించుకొనును. ఈ చివరి రెండింటియెదుట గవర్నరు నిస్సహాయుడు. కనుక చివరి మడికి నీరు రాకున్న నీరుగంటిని తిట్టుటకు ముందు కాలువ పొడవునను నడచి చూడవలెను.

విచారణ క్రమము

మొదటి పని కొలత. లినక్సులో సిస్ అను సంచి యొకటి గలదు. దాని లోపల వరుసగా డివైసెస్, సిస్టమ్, సీపీయూ, సీపీయూ0, సీపీయూఫ్రీక్ అను సంచులుండును. చివరిదానిలోని చిన్న చిన్న ఫైళ్లే ఈ వ్యవహారమునకు చిట్టాలు. స్కేలింగ్ డ్రైవర్ అనునది డ్రైవరు పేరును, స్కేలింగ్ గవర్నర్ అనునది గవర్నరు పేరును చెప్పును. సీపీయూఇన్ఫో మ్యాక్స్ ఫ్రీక్ యంత్రము అందుకొనగల గరిష్ఠ వేగమును, స్కేలింగ్ మ్యాక్స్ ఫ్రీక్ ప్రస్తుతము అనుమతింపబడిన గరిష్ఠ వేగమును, స్కేలింగ్ కర్ ఫ్రీక్ ఇప్పటి వేగమును చెప్పును. అసలు పేర్లలో పదముల నడుమ అడుగుగీత యుండును. అంకెలన్నియు కిలోహెర్ట్జులలో నుండును. 400000 అన్నచో 400 మెగాహెర్ట్జులు. ఇవి చదువుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు; చదివినందున చెడునదేదియు లేదు. సీపీయూపవర్ అను పనిముట్టు ఈ వివరములనే ఒక్కచోట కూర్చి చూపును. టర్బోస్టాట్ అను పనిముట్టు ప్రాసెసరులోని లెక్కింపు గడులను చూచి, పని జరిగిన కాలమున నిజముగా నడచిన సగటు వేగమును చెప్పును. చిట్టాకును ఆవర్జాకును తేడా కనబడినప్పుడు టర్బోస్టాట్ మాటయే ప్రమాణము.

కొలత తీయువేళ కూడ ముఖ్యము. ఏ పనియు లేనప్పుడు వేగము తక్కువగా నుండుట రోగము కాదు, ఆరోగ్యము. నిద్రించువాని నాడి చూచి జ్వరము నిర్ణయింపరాదు. ఒక పెద్ద ఫైలును కుదించుటవంటి బరువైన పని అప్పగించి, అది నడచుచుండగా కొలువవలెను. అప్పటికిని వేగము లేవకున్న రోగ మున్నట్లు. వేగము చక్కగా లేచియు పని సాగకున్న రోగము వేరొక చోట నున్నది. జ్ఞాపకశక్తి చాలక యంత్రము మాటిమాటికి డిస్కుమీద వ్రాసికొనుచుండవచ్చును. లేదా డిస్కే మందముగా నుండవచ్చును. అప్పుడు గవర్నరును మార్చుట రోగమొకటి, మందొకటి యగును.

రెండవది డ్రైవరు. సీపీయూఫ్రీక్ సంచియే కానరాకున్న డ్రైవరు నిలువలేదని యర్థము. బయోసులో వేగమార్పు ఏర్పాటు మూయబడి యుండవచ్చును. యంత్రములో యంత్రముగా నడచు మాయాయంత్రములలో ఇది కానరాకుండుట సహజము. కొన్ని ఏఎండీ యంత్రములలో బయోసు తగిన వివరము అందింపనిచో కొత్త డ్రైవరు నిలువక పాతదే నడచును.

మూడవది అనుమతి. స్కేలింగ్ మ్యాక్స్ ఫ్రీక్, సీపీయూఇన్ఫో మ్యాక్స్ ఫ్రీక్ కంటె తక్కువగా నున్న ఎవరో హద్దు గీచినారు. ఎవరు? విద్యుత్తు ఆదా కొరకు వేయబడిన ఉపకరణములను మొదట అనుమానింపవలెను. టీఎల్‌పీ అనునది ఒకటి, పవర్ ప్రొఫైల్స్ డీమన్ అనునది మరియొకటి, ఆటో-సీపీయూఫ్రీక్ అనునది వేరొకటి. ఒక్కొక్కటి విడివిడిగా మంచివే. కాని ఎవరో చెప్పిరని రెండు మూడు ఒకేసారి వేసికొనిన ఒకటి వ్రాసినదానిని మరియొకటి చెరిపివేయుచుండును. ఒక ఒరలో రెండు కత్తులిమడవు. ఒక్కదానిని నిలిపి తక్కిన వానిని తొలగింపవలెను. ఇంటెల్-పీస్టేట్ సంచిలో నో టర్బో అను ఫైలు గలదు. దానిలో 1 అని యున్నచో అదనపు వేగము మూయబడినదని గ్రహింపవలెను.

నాల్గవది బయోసు ఆజ్ఞ. ఏసీపీఐ-సీపీయూఫ్రీక్ నడచుచోట బయోస్ లిమిట్ అను ఫైలు ఆ హద్దును చూపును. ఆ ఆజ్ఞను లెక్కచేయవలదని కెర్నెలునకు చెప్పు మార్గమొకటి గలదు. ప్రాసెసర్ అను భాగమునకు ఇగ్నోర్ పీపీసీ అను గుర్తును 1గా అందించుటయే అది. కాని కారణము తెలియక ఈ మార్గము త్రొక్కరాదు. ఆజ్ఞ ఏల వచ్చినదో తెలిసికొనుట ముందు, దానిని ధిక్కరించుట పిదప.

ఐదవది వేడి. ఇంటెల్ యంత్రములలో ఒక్కొక్క ప్రాసెసరు సంచిలో థర్మల్ థ్రాటిల్ అను సంచి యుండును. వేడిచే వేగము ఎన్నిమారులు దించబడినదో దానిలో లెక్క యుండును. యంత్రము వెలిగించినప్పుడు సున్నతో ఆరంభమై, పని సాగుచుండగా ఆ అంకె పెరుగుచు పోయిన వేడియే కారణము. దీనికి మందు ఆజ్ఞలలో లేదు, కుంచెలో నున్నది. ఫ్యానునకును లోహపు రేకులకును నడుమ దుమ్ము గట్టిపడి దుప్పటివలె కప్పుకొని యుండును. దానిని తుడిచి, ప్రాసెసరుమీది ఎండిపోయిన లేపనమును మార్చిన పాత యంత్రము ప్రాణము పోసికొన్నట్లు లేచును. పరుపుమీద పెట్టి నడుపువారు, అడుగున గాలి రంధ్రములు మూసి, పిదప కంప్యూటరును నిందింతురు.

ఆరవది అన్నింటికంటె మోసకరమైనది. ప్రాసెసరునకు “వేడి మించినది, వేగము దించుము” అని తెలుపు తీగ యొకటి గలదు. దానిని ప్రాక్‌హాట్ అందురు. ఆ తీగను ప్రాసెసరే గాక పలకమీది ఇతర భాగములును లాగవచ్చును. చార్జరు ఎన్ని వాట్లదో తెలియనప్పుడు, బ్యాటరీ చెడినప్పుడు, ఒక ఉష్ణమాపకము పాడైనప్పుడు కూడ కొన్ని యంత్రములలో ఈ తీగ లాగబడును. అప్పుడు ప్రాసెసరు చల్లగా నుండియు కనిష్ఠ వేగమున నిలిచిపోవును. గవర్నరును ఏది చేసినను ఫలితముండదు.

ఒక గ్రంథాలయపు ముచ్చట

ఈ ఆరవదానికి దృష్టాంతముగ ఒక ముచ్చట. ఒక గ్రామ గ్రంథాలయమునకు ఆ ఊరి బిడ్డ యొకడు పట్టణమునుండి తాను వాడి విడిచిన ల్యాప్‌టాప్‌ను పంపెను. విండోస్ 11ను అంగీకరింపని తరము యంత్రమది. కొరియరులో యంత్రము చేరినది గాని దాని చార్జరు చేరలేదు. గ్రంథపాలకుడు బజారులో మొన సరిపోయిన వేరొక చార్జరు కొని తగిలించెను. యంత్రము వెలిగినది. లినక్సు వేసిరి. కాని ఒక పుట తెరచుకొనుటకు నిమిషములు పట్టసాగినది. మరమ్మతుదారు ఒకడు చూచి, పలకయే పోయినదనియు, మార్చుటకంటె కొత్తది కొనుట మేలనియు చెప్పెను. కార్యవర్గము కూర్చుండి దానిని తూకమునకు అమ్మి రిజిస్టరులో కొట్టివేయవలెనని తీర్మానించెను.

ఇంటర్మీడియెట్ చదువుచున్న బాలిక యొకతె ఆ గ్రంథాలయమునకు నిత్యము వచ్చెడిది. దానిమీదనే ఆమె ప్రవేశపరీక్షకు దరఖాస్తు పంపవలసి యున్నది.

“తాతగారూ, ఒక్క పూట నాకు వదలండి” అని ఆమె అడిగెను.

“అమ్మాయీ, తక్కెడ కెక్కబోవు దానితో నీకెందుకమ్మా శ్రమ?” అనెను గ్రంథపాలకుడు.

“ఎక్కించే ముందు లెక్క చూడవద్దా, తాతగారూ?” అని ఆమె నవ్వెను.

లెక్కయన్న మాటకు ఆయన మారుపలుకలేదు.

ఆమె ఒక నోటుపుస్తకము తీసి అంకెలు వ్రాయసాగెను. యంత్రపు గరిష్ఠ వేగము 3100000, అనుమతింపబడినదియు అంతయే. బరువైన పని అప్పగించి చూడగా నడచుచున్న వేగము 400000. అనగా ఎనిమిదవ వంతునకు ఇంచుక హెచ్చు. గవర్నరు పేరు పవర్‌సేవ్ అని చూచి, దొంగ దొరికెనని ఆమెయు సంబరపడెను. పెర్ఫార్మెన్స్‌కు మార్చినను అంకె కదలలేదు. డ్రైవరు ఇంటెల్-పీస్టేట్ అని అప్పుడు చదివి, తన పొరపాటును నోటుపుస్తకములోనే కొట్టివేసి సరిదిద్దికొనెను. నో టర్బో చూచెను, సున్న. వేడి లెక్క చూచెను, సున్న. చేయి పెట్టి చూచిన యంత్రము చల్లగా నున్నది. బ్యాటరీ గుర్తు చూచెను. చార్జరు తగిలించి యున్నను బ్యాటరీ ఎక్కుటలేదు.

ఆ చివరి పంక్తి వద్ద ఆమె కలము నిలిచెను. యంత్రమును ఆర్పి మరల వెలిగించి, తెరపై ఆరంభమున వచ్చు అక్షరములను ఓపికగా చదివెను. తగిలించిన చార్జరు ఏ రకమో, ఎన్ని వాట్లదో తెలియుట లేదని అందు స్పష్టముగా వ్రాసి యున్నది. ఇన్నినాళ్లును ఆ పలుకు ప్రతి ఉదయము వచ్చుచునే యుండెను; ప్రతివారును చదువకయే మీట నొక్కి ముందునకు సాగుచునే యుండిరి.

ఊరి పాఠశాలలోని ఉపాధ్యాయునొద్ద అదే తయారీ ల్యాప్‌టాప్ గలదు. ఆయన చార్జరును ఒక గంట ఎరువు తెచ్చి తగిలించిరి. ఆరంభపు హెచ్చరిక రాలేదు. బ్యాటరీ ఎక్కసాగినది. అదే పని మరల అప్పగింపగా వేగము 400 మెగాహెర్ట్జుల నుండి 3000 దాటి నిలిచెను. పలక పోలేదు, లినక్సు చెడలేదు, యంత్రము ముసలిది కాలేదు. తనకు అన్నము పెట్టునది ఎవరో తెలియక ఆ యంత్రము ప్రాణము బిగబట్టుకొని పొదుపుగా బ్రదికినది. అంతియే. సరియైన చార్జరు తెప్పించిరి. తీర్మానము రద్దయినది. రిజిస్టరులో ఆ పంక్తిని కొట్టివేయుటకు ఎత్తిన కలము దింపబడినది. బాలిక దరఖాస్తు గడువులోపలనే వెళ్లెను.

కొన్ని జాగ్రత్తలు

ఈ ముచ్చట విని, ప్రాక్‌హాట్ తీగ మాట వినవలదని ప్రాసెసరునకు చెప్పిన పని తీరదా యని కొందరు అడుగుదురు. అట్టి ఉపాయము వ్యాప్తిలో నున్న మాట నిజము. ఉష్ణమాపకము చెడినదని నిశ్చయమైనచోట అది ఆఖరి గత్యంతరమైతే కావచ్చును. కాని చాలని చార్జరుతో నడచు యంత్రమున ఆ కాపలా తొలగించుట ఫ్యూజు స్థానమున లావుతీగ చుట్టుట వంటిది. నాలుగు రోజులు వెలుగు, అయిదవనాడు పొగ. కాపలాదారు అరచినప్పుడు వాని నోరు మూయుటకంటె ఏల అరచుచున్నాడో చూచుట వివేకము.

రెండవ జాగ్రత్త: ఒకసారి ఒక్క మార్పే చేయవలెను. గవర్నరును మార్చి, ఉపకరణము తొలగించి, బయోసును సవరించి, అన్నియు ఒక్క గంటలో చేసినవానికి యంత్రము బాగుపడినను ఏది మందో తెలియదు. మరల చెడిన ఏమి చేయవలెనో అంతకన్న తెలియదు. మార్పునకు ముందు అంకె, తరువాత అంకె, తేదీతో సహా వ్రాసియుంచవలెను. సిస్ సంచిలో వ్రాసిన మార్పులు యంత్రము ఆర్పినంతనే చెరిగిపోవును. ఇది లోపము కాదు, వరము. పరీక్షించుటకు జంకనక్కరలేదు. మేలు చేసినదని రూఢియైన పిదపనే దానిని శాశ్వతముగా నెలకొల్పవలెను.

మూడవ జాగ్రత్త: సదా పెర్ఫార్మెన్స్ పెట్టుకొనుటయే పరిష్కారమని తలపరాదు. ఆరోగ్యముగ నున్న యంత్రములో గవర్నరులు రెప్పపాటులో వేగము లేపగలవు. ఎల్లప్పుడును పైస్థాయిని కోరుచుండుట బ్యాటరీకి చేటు, ఫ్యానునకు శ్రమ. మంచి సారథి పగ్గములు వదలనూ వదలడు, బిగించి యుంచనూ యుంచడు.

మహాశయులారా! ఇరువదియైదేండ్లు ఒక గ్రంథాలయము నిలుచుట సామాన్య విషయము కాదు. చెదలుపట్టిన అట్టలను మార్చి, ఊడిన కుట్లను మరల కుట్టించి, పోయిన పుటలను చేవ్రాతతో నింపి పుస్తకములను బ్రదికించినవారు ఉన్నందుననే ఏ గ్రంథాలయమైనను రజతోత్సవము చూచును. అట్టివారు పాతదైనదని ఒక్క పుస్తకమును తక్కెడ కెక్కింపలేదు. ముందు తెరచి చూచిరి. బల్లమీది యంత్రము విషయమునను ఆ సంప్రదాయమే సాగవలెను. దాని చిట్టాలు తెరచియే యున్నవి, చదువువారికొరకు వేచియున్నవి. ఈ గ్రంథాలయమునకు వచ్చు ప్రతి బాలుడును, ప్రతి బాలికయు తీర్పునకు ముందు లెక్క చూచు అలవాటు నేర్చికొందురు గాక. ఈ సంస్థ స్వర్ణోత్సవమును కన్నులారా చూచుగాక.

స్వస్తి.